మేడ మీది బాత్రూమ్‌కి కొత్త నేల: నా అనుభవం

కింది గది పైకప్పు మీద అరచేయంత చెమ్మ మరక కనిపించేదాకా మేడ మీది బాత్రూమ్ నేల గురించి నేను ఆలోచించలేదు. ఆ తరువాతా తప్పు దారే పట్టాను. రెండు వారాలు రంగులే చూశాను. లేత బూడిదా, ఇటుక రంగా అని ఇంట్లో వాదనలు.

మేస్త్రీ నా నమూనాల వైపు చూడనైనా లేదు. సుత్తి పిడితో పాత టైల్స్‌ని తడుతూ పోయాడు. సగం చోట్ల డొల్ల శబ్దం. "వీటి మీదే కొత్తవి అతికించకూడదా?" అన్నాను. "పాత శ్లాబండీ, ఇంకా ఎంత బరువు మోయమంటారు?" అన్నాడు. లెక్క వేసుకున్నాను. సిమెంటు, ఇసుక కలిపిన పరుపు సెంటీమీటరు మందానికి చదరపు మీటరుకు దాదాపు 20 కిలోలు. అయిదు సెంటీమీటర్లయితే 100 కిలోలు, ఆపైన టైల్స్. నేల మట్టం పెరిగి గడపకు సమానమైతే నీళ్లు పడగ్గదిలోకి వస్తాయి.

పగలగొట్టిస్తే అడుగున ఇంకో నేల, నల్లటి గచ్చు. నాకు తట్టిన ఉపాయం పూర్వం ఇంకెవరికో తట్టిందన్నమాట! రెండూ తీయించి, శ్లాబు ఊచలను ఇంజినీరుకు చూపించాకే వాటర్‌ప్రూఫ్ పూత వేయించాను. గోడల మీదికి కూడా 30 సెంటీమీటర్లు ఎక్కించి, తూము మూసి, 48 గంటలు నీళ్లు నిలబెట్టాం. ఆ రెండు రాత్రులూ టార్చిలైటుతో కింది పైకప్పు చూస్తూ గడిపాను. చుక్క దిగలేదు.

అప్పుడు టైల్స్. ప్లాస్టిక్‌తో చేసే వినైల్ తేలికే గాని, అతుకుల్లోంచి నీరు దిగితే అడుగున ఆరదు. పాలరాయి మీద ఆశ ఉండేది; ఆమ్లంతో కడిగితే మెరుపు పోతుంది, అలా కడగకుండా మా ఇంట్లో ఎవరూ ఊరుకోరు. నీటిని అర శాతానికి మించి పీల్చని విట్రిఫైడ్ దగ్గర ఆగాను. పెద్ద పలకలు వేస్తే నాలుగు వైపుల నుంచీ తూముకు వాలు రాదని, 30 సెంటీమీటర్ల చదరాలు తీసుకోమన్నాడు మేస్త్రీ.

జారుడు సంగతి ఇంకో తికమక. పెట్టెల మీది ఆర్ 10, ఆర్ 11 గుర్తులు బూట్లు వేసుకుని చేసే పరీక్షవి. తడి నేల మీద వట్టికాళ్ల నడకకు, పట్టు పెరిగే వరుసలో ఎ, బి, సి అని వేరే తరగతులున్నాయి. నేను బి ఎంచుకుని, ఇంటికి తెచ్చిన నమూనాపై సబ్బునీళ్లు పోసి నిలబడి చూశాను. మరీ గరుకువాటిలో మురికి పేరుకుంటుంది.

ఇన్ని వడపోతల తరువాత మిగిలిన రంగులు రెండే. వాదన అయిదు నిమిషాల్లో ముగిసింది. మొదటి బక్కెట్టు నీళ్లు చక్కగా తూములోకి వెళ్లాయి, తలుపు వెనక మూలన చిన్న మడుగు తప్ప. ఆ ఒక్క టైలూ తీయించి మళ్లీ వేయించాను.