మోకాలి నొప్పి అనుకున్నాం, నడక తుంటిని చూపింది

అమ్మకు కుడి మోకాలి నొప్పి అని ఏడాదిన్నర పాటు ఇంట్లో అందరం నమ్మాం. బ్రాడీపేటలోని మా ఇంటి నుంచి కూరగాయలకు రెండు వీధులు వెళ్లి వచ్చేసరికి ఆమె మోకాలు పట్టుకుని అరుగు మీద కూలబడేది. మేము మోకాలికే తైలం రాశాం, మోకాలికే పట్టీ వేశాం, మోకాలికే రెండుసార్లు ఎక్స్‌రే తీయించాం. గత వేసవిలో చూపించిన ఎముకల వైద్యుడు మాత్రం ఆ ఫిల్ములు పక్కన పెట్టి, "చెప్పులు విడిచి, చీర కాస్త పైకి దోపుకుని, వరండాలో ఆ చివరి దాకా మామూలుగా నడవండమ్మా" అన్నారు.

ముందు నుంచీ, వెనుక నుంచీ, పక్క నుంచీ ఆయన చూశారు. ఒక మడమ నేలను తాకింది మొదలు అదే మడమ మళ్లీ తాకేవరకు ఒక నడక చక్రం. మామూలు నడకలో అందులో దాదాపు 60 శాతం సేపు ఆ పాదం నేల మీద ఉంటుంది, తక్కిన 40 శాతం గాలిలో ముందుకు సాగుతుంది. నొప్పి ఉన్న కాలి మీద మనిషి ఎక్కువసేపు నిలవలేడు కాబట్టి ఈ లెక్క తప్పుతుంది. అమ్మ అడుగుల చప్పుడులోనే ఆ తేడా నాకు ఆ రోజు మొదటిసారి వినిపించింది.

అసలు సంగతి ఆమె నడుము పైభాగంలో ఉంది. కుడి కాలి మీద బరువు మోపిన ప్రతిసారీ ఒళ్లు కుడి పక్కకే ఒరిగేది. ఒంటికాలి మీద నిలిచిన క్షణంలో కటి, అంటే నడుము కింది ఎముకల గూడు, రెండో వైపుకు వాలిపోకుండా తుంటి పక్క కండరాలు గట్టిగా లాగి పట్టాలి. ఆ లాగుడు వల్లనే తుంటి కీలు మీద శరీర బరువుకు రెండింతలకు మించిన భారం పడుతుంది. ఒళ్లు అటే ఒరిగితే ఆ కండరాల పని తగ్గి, కీలుకు కొంత ఊరట దొరుకుతుంది. 1895లో ట్రెండెలెన్‌బర్గ్ అనే జర్మన్ శస్త్రవైద్యుడు వివరించిన ఒంటికాలి పరీక్ష కూడా చేయించి, పడుకోబెట్టి తుంటిని లోపలికి తిప్పి చూడగానే అమ్మ "అబ్బా" అంది. తుంటి నొప్పి మోకాలిలో తెలియడం అరుదేమీ కాదట. తుంటికి తీసిన ఎక్స్‌రేలో అరిగిన కీలు స్పష్టంగా కనిపించింది.

నడక ఇలా వేరే జబ్బులనూ చూపుతుంది. పక్షవాతం వచ్చినవారు బిగుసుకున్న కాలిని పక్క నుంచి అర్ధచంద్రంలా తిప్పి వేస్తారు. పాదం పైకి లేవక వేలాడేవారు మోకాలు ఎత్తెత్తి అడుగు వేస్తారు. పార్కిన్‌సన్స్ అనే నరాల జబ్బు ఉన్నవారికి అడుగులు చిన్నవవుతాయి, తరచుగా ఒక చెయ్యి ముందుగా ఊగడం మానేస్తుంది. మా పెదనాన్నగారి చెయ్యి అలా ఆగిపోవడం పెళ్లి వీడియోలో చూసి కూడా మేము వయసు అనుకున్నాం. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి అమ్మకు 17 సెకన్లు పట్టింది. 12 సెకన్లు, అంతకు మించితే పడిపోయే ముప్పు ఉన్నట్టు భావిస్తారని చెప్పి, ఆ వైద్యుడు చేతికర్ర రాశారు, అదీ ఎడమ చేతికి. కర్ర నొప్పికి అవతలి వైపు చేతిలో ఉంటేనే తుంటి కండరాల భారం తగ్గుతుంది. వీధిలో కనిపించినవారల్లా "నొప్పి కుడి కాలికైతే కర్ర ఎడమ చేతిలోనా?" అని సరిదిద్దబోతారు. అమ్మ ఆగి, కర్ర ఆనించుకుని, తుంటి సంగతి వాళ్లకు మొదటి నుంచీ వివరిస్తుంది.