పరకాల బస్సులో పుస్తకాల డబ్బా

పుస్తకాల మీద వ్యాసం బాగా రాసిన పిల్లలకు స్టీలు టిఫిన్ డబ్బాలు బహుమతిగా ఇచ్చారు. గ్రంథాలయ వారోత్సవాల మొదటి రోజు, నవంబరు 14. నెహ్రూ పటానికి బంతిపూల దండ, వెనక ఫ్లెక్సీ మీద ‘పుస్తకం హస్తభూషణం’, ముందు ఎండలో పట్టాల మీద కూర్చున్న పిల్లలు. పదింటికి రావాల్సిన ముఖ్య అతిథి పన్నెండు దాటాక వచ్చి, చిన్నప్పుడు వీధి దీపం కింద చదువుకున్న సంగతి చాలాసేపు చెప్పారు. వ్యాసరచనలో ఫస్టు వచ్చిన అమ్మాయి డబ్బా మూత తీసి లోపల ఏమైనా ఉందేమోనని చూసుకుంది. ఏమీ లేదు.

ఏ ఊరో చెప్పను. వరంగల్ చుట్టుపక్కల ఒక పట్టణం అనుకోండి చాలు. హన్మకొండలో మా అక్క వాళ్లింటికి వెళ్తూ, దారే కదా అని ఒక డబ్బా నిండా పిల్లల పుస్తకాలు కొనుక్కుని బయల్దేరాను. సగం ఈ గ్రంథాలయానికి, సగం అక్కకు తెలిసిన ఒక టీచరు పనిచేసే బడికి ఇద్దామని. రైల్లో జనగామ దాకా నిలబడే వచ్చాను, దానికేం బాధ లేదు. కాజీపేటలో దిగాక ఆటోవాడు హన్మకొండకు రెండు వందల యాభై అన్నప్పుడే ఒళ్లు మండింది. సికింద్రాబాద్ నుంచి కాజీపేటకు రైలు టికెట్టు అందులో సగం కూడా కాదు. “డబ్బ ఉన్నది గదా అన్నా” అన్నాడు. ఆ డబ్బా నాకు రెండు రోజుల పాటు ఇంకా చాలా ఖర్చులు పెట్టించింది.

సభ అయ్యాక గ్రంథాలయం లోపలికి వెళ్లాను. హాలు కిటకిటలాడుతోంది. అందరూ ఇరవై, పాతికేళ్ల వాళ్లు. గ్రూప్స్, డీఎస్సీ, పోలీసు పరీక్షలు. పొద్దున్నే టిఫిన్, నీళ్ల సీసా తెచ్చుకుని రాత్రి దాకా కదలరట. వాళ్లను తప్పుపట్టలేం, ఇంట్లో కూర్చుని చదువుకునే చోటు ఎందరికుంది! కాకపోతే ‘బాలల విభాగం’ అని రాసి ఉన్న మూలలో చిన్న కుర్చీలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటి మీద ఈ పెద్ద పిల్లల బ్యాగులు పెట్టి ఉన్నాయి. పక్కన అద్దాల బీరువా. లోపల కొత్త పుస్తకాలు, బొమ్మలు బయటికి కనబడుతున్నాయి. తాళం.

“పిల్లలు చింపుతరు సార్” అన్నారు అక్కడి ఉద్యోగి. మంచి మనిషే. టీ తెప్పించారు. “ఒక్క పుస్తకం పోయినా నేనే లెక్క చెప్పుకోవాలె. ఉన్నది నేనొక్కన్ని. పేపర్లు సర్దుడు, గీ పిల్లలకు కరెంటు పోతే తిట్లు తినుడు, అన్నీ నేనే.” మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుంది. అది వసూలు చేసేవాళ్ల దగ్గర్నుంచి గ్రంథాలయానికి వచ్చేసరికి ఏళ్లు పడుతుందని కూడా ఆయనే చెప్పారు. ఆయన కుర్చీ వెనక గోడ మీద గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారి పంచ సూత్రాల బోర్డు ఉంది. 1931లో ఆయన రాసిన సూత్రాల్లో మొట్టమొదటిది, పుస్తకాలు ఉపయోగించుకోవడానికే అని. బోర్డుకు సరిగ్గా కిందనే తాళం వేసిన ఆ బీరువా. నేను తెచ్చిన పుస్తకాలు అందులోకే పోతాయని అర్థమై, డబ్బా విప్పకుండానే మళ్లీ ఆటో ఎక్కాను. ఇంకో వంద.

ఆ కోపంలో అక్క వాళ్లింట్లో రాత్రి భోజనం దగ్గర బావతో వాదన పెట్టుకున్నాను. ఇదే హన్మకొండలో 1904లో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పెట్టారు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వచ్చిన మూడేళ్లకే. బడిలో చదువు ఉర్దూలో, సభ పెట్టుకోవాలంటే నిజాం సర్కారు అనుమతి. అలాంటి రోజుల్లో జనం చందాలు వేసుకుని తెలుగు పుస్తకాలు కొని చదువుకున్నారు. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. ఇప్పుడు అనుమతి అక్కర్లేదు, పుస్తకాలున్నాయి, బిల్డింగు ఉంది, తాళం కూడా ఉంది అన్నాను. బావ ఒకటే మాట అన్నాడు: “నీ కొడుకు తెలుగు సదువుతడా?”

చదువుతాడు, కూడబలుక్కుని. వాడి బడిలో వారానికో లైబ్రరీ పీరియడ్ ఉంది, ఏసీ గది ఉంది, అన్నీ ఇంగ్లీషు పుస్తకాలే. నేను పప్పు కలుపుకున్నాను.

జనగామలో మా చిన్నప్పుడు అద్దె పుస్తకాల కొట్టు ఒకటి ఉండేది. చందమామ, బాలమిత్ర రోజుకు పది పైసలు. అట్ట చిరిగితే పావలా జుర్మానా. కొత్త సంచిక వచ్చిన రోజు మేం నలుగురం తలా రెండున్నర పైసలు వేసుకోలేం కాబట్టి, అద్దె ఒక్కోసారి ఒక్కొక్కడు కట్టేలా వంతులు వేసుకుని, ఒక్క రోజు అద్దెకే నలుగురం చదివేవాళ్లం. ఒకడు గట్టిగా చదివితే ముగ్గురు వినడం. కొట్టాయనకు అది తెలుసు, తెలియనట్టు ఉండేవాడు.

మర్నాడు శనివారం, హన్మకొండ బస్టాండులో పరకాల మీదుగా భూపాలపల్లి పోయే ఎర్ర బస్సు ఎక్కాను. ఎక్కానంటే ఎక్కించారు. ఆడవాళ్లకు టికెట్టు లేకుండా పోయినప్పటి నుంచి ఈ బస్సుల్లో మగాడికి సీటు దొరకడం కష్టమైందని మగవాళ్ల మూల్గులు అందరికీ తెలిసినవే కాబట్టి నేను మళ్లీ మూలగను. డబ్బా డ్రైవరు వెనక పెట్టి, రాడ్ పట్టుకుని నిలబడ్డాను.

“గీ డబ్బ ఎవలిది?” కండక్టరమ్మ.

“నాదే అమ్మా. పుస్తకాలు. పిల్లలవి.”

“పిల్లలయైతేంది సార్, బస్సుకు బరువే గదా” అని లగేజి టికెట్టు కొట్టి చేతిలో పెట్టింది. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాల్సి వచ్చింది.

అట్ట పైభాగం చిరిగి కొన్ని పుస్తకాలు బయటికి తొంగిచూస్తున్నాయి. ముందు సీట్లో ఒక ముసలవ్వ, ఒళ్లో కూరగాయల సంచీ, చేయి చాపి ఒకటి లాగింది. పంచతంత్రంలోని కోతి, మొసలి కథ, బొమ్మలతో. తిరగేసి చూసి, “ఇది ఉడుమా?” అంది. “మొసలి అవ్వా” అన్నాడు పక్కన నిలబడ్డ పిల్లాడు. బడి యూనిఫారమ్, ఆరో తరగతో ఏడో తరగతో. “గింత సన్నగుంటదా మొసలి? పాకాల చెరువుల మా అయ్య సూసిండు, గీ బస్సంత ఉంటదట.” పిల్లాడు నిరూపించడానికి చదవడం మొదలుపెట్టాడు. మొదట్లో మెల్లగా, తర్వాత గొంతు పెంచి. ములుగు రోడ్డు మీద బస్సు శబ్దానికి గొంతు పెంచక తప్పదు.

మొసలి భార్య కోతి గుండె కావాలని పట్టుబట్టే దగ్గరికి వచ్చేసరికి వెనక సీట్లు కూడా నిశ్శబ్దం. అవ్వకు ఆగడం చేతకాలేదు. “ఇగ కోతి అంటది, నా గుండె చెట్టు మీదనే పెట్టి వచ్చిన...”

“అవ్వా! నన్ను సదవనియ్యి!”

“సదువు బిడ్డా, సదువు. నేను వద్దన్ననా?”

మళ్లీ రెండు వాక్యాలు కాగానే మళ్లీ అవ్వే. వాడికి ఏడుపొక్కటే తక్కువ. ఇటు ‘గూడెప్పాడ్, గూడెప్పాడ్’ అని కండక్టరమ్మ కేక. అక్కడ ఎడమకు తిరిగాక బస్సు నత్తనడక. రోడ్డు సగం మేర వడ్లు ఆరబోశారు, ఎదురుగా ఏనుమాముల మార్కెట్‌కు పోయే పత్తి బండ్లు, ఎవరూ తగ్గరు. డ్రైవరు ఇంజను ఆపేశాడు. మామూలుగా అయితే నేను వడ్లు ఆరబోసిన వాళ్లను, పత్తివాళ్లను, డ్రైవరును కలిపి తిట్టుకునేవాణ్ని. ఇంజను ఆగడంతో పిల్లాడి గొంతు స్పష్టంగా వినబడింది. ఎవరో అన్నారు, “గీ మొసలి పెండ్లాం మాట ఇని పాడైండు.” ఆడవాళ్ల వైపు నుంచి వెంటనే జవాబు వచ్చింది, అది ఇక్కడ రాయలేను.

పరకాల ఇంకా రాకముందే పిల్లాడి స్టేజీ వచ్చింది. ఇంకా రెండు పేజీలున్నాయి. మెట్ల మీద వేలు పేజీలోనే పెట్టుకుని నిలబడ్డాడు. నా వైపు, కండక్టరమ్మ వైపు చూశాడు. “తీస్కపో తీస్కపో” అంది ఆమె, నన్ను అడగకుండానే. తర్వాత నాతో, “బరువు తగ్గింది సార్” అని విజిలేసింది. టికెట్టు డబ్బులు మాత్రం తగ్గలేదు.

రేగొండ వైపు ఒక ఊళ్లో దిగాను. టీచరమ్మ పేరు వద్దన్నారు కాబట్టి ఊరి పేరూ రాయడం లేదు. ప్రాథమిక పాఠశాల, ఇద్దరు టీచర్లు, అయిదు తరగతులు. ఫ్లెక్సీ లేదు, ముఖ్య అతిథి లేడు. వేపచెట్టు నుంచి కిటికీ ఊచల దాకా ఒక తాడు కట్టి, బట్టల క్లిప్పులతో పుస్తకాలు తగిలించారు. అట్టల మీద రంగుల చుక్కలు అంటించి ఉన్నాయి. అక్షరాలు వచ్చినవాళ్లకు ఒక రంగు, వాక్యాలు చదవగలిగేవాళ్లకు ఒకటి, కథలు మింగేసేవాళ్లకు ఇంకొకటి. 2022లో పిల్లలకు చదవడం, లెక్కలు నేర్పే తొలిమెట్టు అనే సర్కారు కార్యక్రమం మొదలయ్యాక చిన్న తరగతుల్లో ఎవరు చదవగలరు, ఎవరు లేరు అనేది పైవాళ్లు కూడా పట్టించుకుంటున్నారని, ఆ పట్టింపును తాను ఈ తాడుకు కట్టుకున్నానని టీచరమ్మ అన్నారు. “చదువొచ్చిందా అని పరీక్ష పెట్టేకన్నా పుస్తకం ఇంటికిస్తే తెలుస్తది సార్.”

“చింపరా?”

“చింపుతరు. టేపుకు నా సొంత పైసలు పెడ్తున్న.”

శనివారం శనివారం పుస్తకాలు ఇళ్లకు పోతాయి. లెక్కంతా అయిదో తరగతి పిల్ల ఒకతె చూస్తుంది. రెండు జడలు, నూనె పెట్టి బిగించి దువ్విన తల, ఒళ్లో పొడుగు నోట్‌బుక్. ఆ నోట్‌బుక్ నా చేతికి ఇవ్వడానికి టీచరమ్మ వైపు చూసి అనుమతి తీసుకుంది. స్కేలుతో గీసిన గళ్లు: పేరు, పుస్తకం, తీస్కపోయిన రోజు, తెచ్చిన రోజు. చివరి గడి అన్నిటికన్నా వెడల్పు, ‘ఎవలెవలు సదివిన్రు’. అక్కడ చూడండి:

‘నేను, అక్క, నాయిన సగం.’

‘అమ్మకు నేను సదివి చెప్పిన.’

‘బాపు పత్తి కాడికి తీస్కపోయిండు. రెండు రోజులు లేటు.’

‘మేక తినబోయింది. గుంజుకున్న.’

ఒక పుస్తకం నాలుగు ఇళ్లు తిరిగి వచ్చింది, చివరి పేజీకి పసుపు మరక. దాని ఎదురుగా ఎర్ర పెన్నుతో ‘మరక పడ్డది, అక్షరాలు కనవడ్తున్నయ్’ అని రాసి ఉంది. నేను ఆ నోట్‌బుక్ చదువుతుంటే మధ్యాహ్న భోజనం గంట కొట్టారు. సాంబారు, గుడ్డు. నన్ను కూడా కూర్చోబెట్టారు. ఏం తిన్నానో సరిగా గుర్తులేదు, నోట్‌బుక్ పక్కనే పెట్టుకుని తిన్నాను.

తర్వాత నా డబ్బా విప్పారు. నేషనల్ బుక్ ట్రస్టువి, ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణకర్తలవి, ఎక్కువగా పలచటి బొమ్మల పుస్తకాలు. ఒక్కోటి మా వాడికి మాల్‌లో కొన్న ఇంగ్లీషు పుస్తకం ధరలో పదో వంతు ఉండదు. రెండు జడల పిల్ల బిల్లు అడిగింది. లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

“సార్, ఒకటి తక్కువున్నది.”

బస్సులో పిల్లాడి సంగతి చెప్పాను. టీచరమ్మ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. “వాని పేరు?” తెలియదన్నాను. కాసేపు ఆలోచించి నోట్‌బుక్‌లో కొత్త వరుస గీసింది. పేరు దగ్గర ‘బస్సుల పోరడు’, పుస్తకం దగ్గర కోతి, మొసలి, తీస్కపోయిన రోజు దగ్గర ఆ రోజు తారీఖు. తెచ్చిన రోజు గడి ఖాళీ. ‘ఎవలెవలు సదివిన్రు’ దగ్గర నన్నే అడిగింది. బస్సంతా అన్నాను. అదే రాసుకుంది.

సాయంత్రం బస్సుకు ముందు పిల్లలందరూ తమకేం కావాలో చెప్పారు. ఇంగ్లీషువి వద్దట, అవి ఉన్నాయట, ఎవరూ ముట్టుకోరట. దయ్యాలవి కావాలి. టీచరమ్మ వినబడనట్టు అటు తిరిగారు. లెక్కల పిల్ల మాత్రం ఆఖర్న వచ్చి, పెద్ద అక్షరాలవి తెమ్మంది. వాళ్ల నాయనమ్మకు చదువు వచ్చు, కళ్లే సరిగా ఆనవు.

ఆదివారం హన్మకొండలో తెరిచి ఉన్న పుస్తకాల షాపులన్నీ తిరిగాను. “పిల్లల దయ్యాల కథలు, పెద్ద అక్షరాల్లో” అంటే ఒకాయన నన్ను పైకీ కిందికీ చూసి, “గ్రూప్ టూ మెటీరియల్ కొత్తది వచ్చింది సార్, ఇయ్యమంటారా?” అన్నాడు. ఇంకో చోట రంగులు వేసుకునే పుస్తకాలు చూపించారు. డిసెంబరులో హైదరాబాదు బుక్ ఫెయిర్ ఉంటుంది కదా, అక్కడ దొరక్కపోవు అని ఆశ. ఎంట్రీ టికెట్టు, పార్కింగు, లోపల టీ ధర తలచుకుంటే నీరసం వస్తుంది గానీ, ఈసారి మా వాణ్ని కూడా తీసుకెళ్తాను. దయ్యాల పుస్తకాలు వాడే ఎంచాలి, నాకు భయం పుట్టించేవి ఏవో తెలుస్తాయి గానీ పిల్లలకు ఏవి నచ్చుతాయో తెలియదు. తెలుగులో పెద్ద అక్షరాలతో ఇలాంటివి ఎవరు వేస్తున్నారో తెలిసినవాళ్లు చెప్పండి. లగేజి టికెట్టు నేను పెట్టుకుంటాను.