జిప్సీ వెనక డిస్కులు: మలుపు తిరిగితే చాలు, పెడల్ కిందికి

మారుతి జిప్సీకి వెనక డ్రమ్ము బ్రేకులు తీసేసి డిస్కు బ్రేకులు పెట్టాం. డిస్కులు ఎక్కాయి, వాటిని ప్యాడ్లతో నొక్కే కేలిపర్లు పట్టాయి, ఎక్కడా చుక్క లీకు లేదు. అయినా బండిని నమ్మి వేగంగా నడిపే పరిస్థితి లేదు. చెన్నై కత్తిపారా ఫ్లైఓవర్ లూపులో ఎడమకి తిరిగి కిందికి దిగగానే మొదటి తొక్కు లోతుకి పోతోంది. వెంటనే ఇంకోసారి తొక్కితే పెడల్ పైనే గట్టిగా నిలబడుతోంది. అదే కత్తిపారా నుంచి పోరూరు వైపు తిన్నగా, సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగుతూ పోతే ఏ తేడా లేదు. చూసినవాళ్ళందరిదీ ఒకటే మాట: గొట్టాల్లో గాలి ఉంది, మళ్ళీ బ్లీడ్ చేసి తీసెయ్యి. గాలే అయితే మలుపుకో తీరు, తిన్నని రోడ్డుకో తీరు ఎందుకుంటుంది?

కుదిరినవాటి గురించి క్లుప్తంగా. బండి జిప్సీ కింగ్, వెనక లీఫ్ స్ప్రింగుల మీద లైవ్ యాక్సిల్ (రెండు చక్రాల్నీ కలిపే ఒకే గట్టి ఇరుసు). డిస్కు 280 మి.మీ. వ్యాసం, 10 మి.మీ. మందం, సాలిడ్, 5×139.7 పీసీడీకి (139.7 మి.మీ. వలయం మీద ఐదు బోల్టు రంధ్రాలు) తొలిపించి, మధ్య బోరు యాక్సిల్ ఫ్లాంజ్ కొలతకి లేత్ మీద తెరిపించినది. కేలిపర్లు పాత విడిభాగాల పుదుపేటలో దొరికిన మొదటి తరం స్కోడా ఆక్టేవియావి, 38 మి.మీ. పిస్టన్, హ్యాండ్‌బ్రేక్ లివర్ కేలిపర్‌లోనే ఉంటుంది. సీల్ కిట్లు జీపీ రోడ్డులో కొన్నవి. కేలిపర్‌ని యాక్సిల్‌కి పట్టే బ్రాకెట్ అంబత్తూర్ ఎస్టేట్‌లో లేజర్ మీద కోయించిన 10 మి.మీ. ఎంఎస్ (మైల్డ్ స్టీలు) ప్లేటు. 15 అంగుళాల రిమ్ములో కేలిపర్‌కి చోటు హాయిగా మిగిలింది. హ్యాండ్‌బ్రేక్ లేకుండా మామూలు ముందు కేలిపర్లే వెనక బిగించే పద్ధతి ఆఫ్‌రోడ్ బళ్ళలో కనిపిస్తుంది. అది శుద్ధ తప్పు. వాలులో నిలబెట్టాల్సిన బండికి హ్యాండ్‌బ్రేక్ తీసేయడమేమిటి?

ఇక సమస్య. పెడల్ లోతుని స్టీరింగ్ చక్రం కింది అంచు నుంచి పెడల్ రబ్బరు దాకా టేపు పట్టి, తొక్కకముందుకీ తొక్కాకకీ తేడాగా, ఇంజన్ ఆన్‌లో ఉంచి కొలవాలి. మొదట్లో మొదటి తొక్కు 74 మి.మీ., రెండోది 46. తేడా 28. ఇది చిన్నది కాదు. ఈ బండిలో ఉన్నది 7/8 అంగుళం మాస్టర్ సిలిండరు (పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ని కేలిపర్లకి నెట్టేది), అంటే 3.88 చదరపు సెం.మీ. పెడల్ నిష్పత్తి 4. అలా చూస్తే 28 మి.మీ. పెడల్‌కి పుష్‌రాడ్ 7 మి.మీ. కదులుతుంది, 2.7 సీసీ ఫ్లూయిడ్ పోతుంది. 38 మి.మీ. పిస్టన్ వైశాల్యం 11.34 చదరపు సెం.మీ. కనుక ఒక్కో పిస్టనూ 1.2 మి.మీ. దాకా వెనక్కి వెళ్ళి మళ్ళీ వస్తోందన్నమాట. పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు సీలు వెనక్కి లాగేది మి.మీ.లో ఒకటి రెండు పదో వంతులే. మిగతాదంతా వేరే ఎవరో లాగుతున్నారు.

మొదటి దొంగ త్వరగానే దొరికింది. సిగ్నళ్ళ దగ్గర మాటిమాటికీ తొక్కుతూ పోతే బయటపడలేదు కానీ, బండిని మలుపు తిప్పకుండా, నిలబెట్టి ఒక నిమిషం ఆగి తొక్కినా పెడల్ లోతుకే పోతోంది. అంటే పిస్టన్‌ని వెనక్కి లాగేది కేలిపర్ లోపలి హ్యాండ్‌బ్రేక్ మెకానిజమే. ఈ రకం కేలిపర్లలో లివర్ పూర్తిగా స్టాపర్‌కి ఆనితేనే లోపలి అడ్జస్టర్ ముందుకు జరుగుతుంది. కేబుల్ కాస్త బిగువైనా లివర్ స్టాపర్‌కి చేరదు, అడ్జస్టర్ ఉన్నచోటే ఉండిపోతుంది. బండి చక్రాల మీద నిలబడినప్పుడు చూస్తే లివర్ ఆనే ఉంది, ఖాళీ సున్నా. ఛాసిస్‌కి జాకీ పెట్టి లేపి యాక్సిల్‌ని వేలాడనిస్తే ఎడమవైపు 2, కుడివైపు 3.5 మి.మీ. ఖాళీ. యాక్సిల్ కిందికి దిగినప్పుడల్లా కేబుల్ తొడుగు లాగుతోంది. క్లిప్పు ఒకటి 40 మి.మీ. ముందుకి జరిపి తొడుగుకి వంపు వదిలితే రెండు వైపులా 1 మి.మీ. లోపుకి వచ్చింది. ఆ తర్వాత కేబుల్ పూర్తిగా వదిలేసి, పెడల్ బాగా పంపు చేసి, చివర్లో కేబుల్ బిగించాలి. వరస తలకిందులైతే మళ్ళీ మొదటికే. తేడా 28 నుంచి 9 మి.మీ.కి దిగింది: మొదటి తొక్కు 55, రెండోది 46. తిన్నటి రోడ్డు మీద 47.

ఈ 9 మాత్రం మొండిది. మలుపు తర్వాతే వస్తుంది, ఎడమ మలుపు తర్వాత మరీ.

ఖాళీ మైదానంలో ఎడమకి సున్నాలు చుట్టి, బ్రేకు ముట్టకుండా బండిని దానంతటదే ఆగనివ్వాలి. హ్యాండ్‌బ్రేక్ కూడా ముట్టకూడదు, అది పిస్టన్‌ని కదిపేస్తుంది. ఆగాక ఒక్కో కేలిపర్ గొట్టాన్ని క్లాంపుతో నొక్కి పెడల్ కొలవాలి. కుడి గొట్టం నొక్కితే తొమ్మిదిలో ఆరు మాయం. ఎడమది నొక్కితే రెండు. ముందువి నొక్కితే తేడా అలాగే ఉంది. ఈ పరీక్ష రబ్బరు గొట్టాలతోనే కుదురుతుంది. స్టీలు అల్లిక గొట్టాల్ని క్లాంపుతో నొక్కితే లోపల నలిగిపోతాయి. ప్రయోగం నడుస్తున్నంత కాలం రబ్బరే మేలనడానికి ఇదొక కారణం. చూడ్డానికి అందంగా ఉంటాయని అల్లిక గొట్టాలు ముందే కొనేవాళ్ళు తర్వాత గుడ్డిగా తడుముకోవాల్సిందే.

అనుమానాల వరస ఇలా నడిచింది. డిస్కు వంకరా? కుడి 0.06, ఎడమ 0.05 మి.మీ. మామూలుగా ఒప్పుకునే హద్దు 0.10 దాకా ఉంటుంది కాబట్టి అది కాదు. (లైవ్ యాక్సిల్ మీద ఇది కొలిచేటప్పుడు షాఫ్టుని లోపలికి నొక్కిపట్టి తిప్పాలి, లేకపోతే డయల్ గేజి రెండు కదలికల్ని కలిపి చూపిస్తుంది.) కేలిపర్ పక్కకి జరిగే స్లైడర్ పిన్నులు బిగుసుకున్నాయా? చేత్తో తోస్తే కదులుతున్నాయి. బ్రాకెట్ వంగుతోందా? పెడల్ తొక్కిపట్టి చూస్తే చెప్పుకోదగ్గ కదలిక లేదు. సున్నాలు చుట్టి ఆపాక ఫీలర్ గేజి పెడితే కుడి లోపలి ప్యాడ్‌కీ డిస్కుకీ మధ్య 0.5 మి.మీ. ప్యాడ్‌ని ఎవరో వెనక్కి నెట్టారు. నెట్టగలిగేది డిస్కు ఒక్కటే.

డయల్ అయస్కాంతాన్ని యాక్సిల్ ట్యూబు మీద పెట్టి, ముల్లుని వీల్ నట్టు పక్కన డిస్కు ముఖానికి ఆనించి, చక్రం బయటికి లాగి లోపలికి తోస్తే: కుడి 0.55, ఎడమ 0.18 మి.మీ. రెండూ కలిపితే 0.73. 9 మి.మీ. పెడల్‌ని పిస్టన్ కదలికగా మారిస్తే 0.77. ఇంతకంటే దగ్గరి లెక్క గ్యారేజీలో ఆశించకూడదు.

ఇంకేముంది, తెలిసిపోయింది. ఎడమకి తిరిగేటప్పుడు నేల టైర్లని ఎడమకి నెడుతుంది. కుడి చక్రం బయటి చక్రం కాబట్టి బరువంతా దాని మీదే. ఆ తోపుకి షాఫ్టు, దాంతో డిస్కు, లోపలికి జరుగుతాయి. కేలిపర్ పిస్టన్ ఉండేది లోపలివైపే. డిస్కు నేరుగా లోపలి ప్యాడ్‌ని, పిస్టన్‌ని వెనక్కి తోస్తుంది. ఎడమవైపు షాఫ్టు బయటికి లాగబడుతుంది, కేలిపర్ పిన్నుల మీద దాంతో పాటే వస్తుంది, మలుపు అయ్యాక తిరిగి లోపలికి జరిగేటప్పుడు కొంత తోస్తుంది. డ్రమ్ములో ఇది కనపడనే కనపడదు. షూ పట్టేది డ్రమ్ము లోపలి గుండ్రని గోడని. డ్రమ్ము అర మి.మీ. ఇటో అటో జరిగితే షూ దాని మీద పక్కకి జారుతుందంతే, పెడల్‌కి కబురే అందదు. కుడివైపు ఆ అర మి.మీ. ఊగు డ్రమ్ముల కాలంలోనూ ఉండి ఉండొచ్చు.

ఊగు ఎక్కడిది? ఈ యాక్సిల్‌లో చక్రం బేరింగుని హౌసింగులో పట్టి ఉంచేది బ్రేకు బ్యాక్‌ప్లేటే. ఇప్పుడు దాని స్థానంలో మన బ్రాకెట్ ఉంది. బేరింగు బయటి రేసు (బయటి వలయం) హౌసింగు ముఖం కంటే ఎంత లోతులో ఉందో డెప్త్ గేజితో చూస్తే కుడి 0.48, ఎడమ 0.10 మి.మీ. బేరింగు సొంత ఆట ఒక 0.08 కలిపితే డయల్ చూపిన అంకెలే వస్తాయి. అసలు బ్యాక్‌ప్లేటు పల్చని రేకు, నాలుగు బోల్టులు బిగించినప్పుడు కాస్త వంగి రేసుని ఒత్తేదేమో. 10 మి.మీ. ప్లేటు వంగదు, హౌసింగు ముఖం మీద చదునుగా కూర్చుని, రేసుకి ఆనకుండా ఆగిపోతుంది. గట్టిగా ఉండాలని మందం పెంచిందే ఇక్కడ ఎదురు తిరిగింది. కుడివైపు లోతు అంత ఎక్కువెందుకంటే, ఎప్పుడో బేరింగు హౌసింగులో తిరిగి లోపలి మెట్టుని అరగదీసి ఉంటుంది. అది ఊహే, కానీ లోపల గీతలు కనిపిస్తున్నాయి.

వెంటనే చేసింది షిమ్ము, అంటే ఆ ఖాళీని నింపే పల్చని రింగు. కుడివైపు 0.50 మి.మీ. ఇత్తడి రేకు, ఎడమవైపు 0.10 స్టీలు. వెలుపలి వ్యాసం రేసు కంటే 1 మి.మీ. తక్కువ, లోపలి వ్యాసం లోపలి రేసుకీ సీలుకీ తగలనంత. బేరింగు ఊడదీయకుండా షాఫ్టు మీదికి ఎక్కించాలి కాబట్టి రింగుకి ఒకచోట కోత. "కోసిన రింగు రింగు కాదు తమ్ముడూ" అని టర్నర్ పెద్దాయన అననే అన్నారు. బిగించగానే ఊగు కుడి 0.10, ఎడమ 0.09. లూపు దిగాక పెడల్ తేడా 3 మి.మీ. అద్భుతం. ఆ తర్వాత గుంతల సర్వీసు రోడ్డు మీద ఓ సాయంత్రం నడిపితే కుడి ఊగు 0.24కి పెరిగింది. విప్పి మైక్రోమీటర్ పెడితే ఇత్తడి 0.36కి నలిగింది, కోత దగ్గర నోరు తెరుచుకుంది. చక్రం నుంచి వచ్చే ప్రతి పక్క దెబ్బా ఆ రేకు మీదే పడుతోంది; మెత్తని లోహం, పైగా కోసినది, నిలబడదు.

కాబట్టి స్ప్రింగ్ స్టీలు అర్ధచంద్రాలు షిమ్ములుగా పెట్టి చూద్దామనే ఆలోచనని పక్కన పడేశాం. కొత్త బ్రాకెట్లు: 12 మి.మీ. ప్లేటు నుంచి మొదలుపెట్టి, ఒక వైపు ముఖం లేత్ మీద దించి, బేరింగు రేసుకి ఎదురుగా మెట్టు మిగల్చాలి. మెట్టు ఎత్తు కొలిచిన లోతు కంటే 0.02 నుంచి 0.03 ఎక్కువ: కుడి 0.50, ఎడమ 0.13. రెండు బ్రాకెట్లూ ఒకటి కావు కాబట్టి ముందే పంచు కొట్టి గుర్తు పెట్టాలి. మెట్టు మీదా హౌసింగుకి ఆనే ముఖం మీదా పెయింట్ పడకూడదు. పౌడర్ కోటింగ్ ఒక్కటే ఈ లెక్కనంతా తినేయగలదు. ఖర్చంతా వేరేచోట ఉంది: బ్రాకెట్ ఫ్లాంజ్‌కీ బేరింగుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది, అది రావాలంటే రిటైనర్ రింగుని గ్రైండర్‌తో సన్నం చేసి ఉలితో పగలగొట్టి, బేరింగుని ప్రెస్ మీద ఊడదీయాలి. కొత్త బేరింగు, కొత్త రింగు, షాఫ్టు బయటికొచ్చింది కాబట్టి కొత్త ఆయిల్ సీలు. సీలు మీద పీనాసితనం చూపిస్తే గేర్ ఆయిల్ ప్యాడ్లకి చేరుతుంది. బేరింగు మామూలు క్లియరెన్సుదే తీసుకోవాలి. సీ3 (లోపల ఎక్కువ సందున్న రకం) పెడితే సొంత ఆట పెరుగుతుంది.

ఫ్లూయిడ్ డాట్ 4. టీవీఎస్ గర్లింగ్ అయినా బాష్ అయినా ఒకటే, సీసా సీలు తాజాగా ఉండాలి. డాట్ 4 మరిగేది పొడిగా ఉంటే 230 డిగ్రీల దగ్గర, తేమ పట్టాక 155. చెన్నై గాలిలో ఏడాదికోసారి మార్చడం అతి కాదు. ప్యాడ్లలో సెమీ మెటాలిక్ అక్కర్లేదు, వెనక అంత వేడి పుట్టదు.

ఎల్‌ఎస్‌పీవీ (బండి మీది బరువుని బట్టి వెనక బ్రేకు ఒత్తిడిని మార్చే వాల్వు) సంగతి తర్వాత. డ్రమ్ములో ముందు షూ తనంతట తాను బిగుసుకుంటుంది, డిస్కులో ఆ సాయం ఉండదు. పిస్టన్ మాత్రం పెద్దది. వెనక ముందుగా లాక్ అవుతుందో లేదో తడి నేల మీద, ఖాళీ బండితో, నిండు బండితో చూడాలి. మొదటి తొక్కు ఒక్కోసారి ఒక్కోలా ఉండగా బయాస్ (ముందు వెనకల బ్రేకు పాళ్ళు) సరిచేయడం దండగ. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 మార్పుల గురించి ఏం చెబుతుందో, ఇన్సూరెన్సువాళ్ళు దాన్ని ఎలా చదువుతారో ఈ పని తలపెట్టేవాళ్ళు ముందే చూసుకోవడం మంచిది.

డిసెంబరు వానల్లోపు బురద రేకులు కూడా కావాలి. డ్రమ్ము వదిలిందే బురద లోపల పేరుకుపోయి షూల్ని తినేస్తోందని. రేకు లేని డిస్కుకీ కేలిపర్‌కీ మధ్య చిన్న రాయి ఇరుక్కుంటే ఆ సుఖమూ పోతుంది. 1.2 మి.మీ. అల్యూమినియం రేకు, కొత్త బ్రాకెట్ మీదే రెండు ఎం6 రంధ్రాలు. లేత్‌కి ఇచ్చే డ్రాయింగులో వాటిని ఇప్పుడే చేర్చాలి.