మా చెల్లి పిల్లల కాగితాల కోసం తిరిగిన రోజులు

పోయిన ఏడాది వానాకాలంలో మా చెల్లి జ్వరంతో పోయింది. మరిది అంతకు రెండేళ్ల ముందే పోయాడు. తొమ్మిదేళ్ల పాపను, నాలుగేళ్ల బాబును ఊరి నుంచి హైదరాబాద్‌లోని బోరబండకు తెచ్చుకున్నాను. నేను ఇళ్లలో వంట చేసి నెలకు ఏడు వేలు తెస్తాను. మా ఆయన నడుం దెబ్బతిని ఇంటిపట్టునే ఉంటున్నాడు. మాకూ ఇద్దరు పిల్లలు. "నలుగురినీ ఎట్లా సాకుతావే, హాస్టల్లో వెయ్" అన్నారు అందరూ. నా మనసు ఒప్పలేదు.

ముందు బడి సంగతి. ఊళ్లో పాప చదివిన స్కూలు, ఫీజు బాకీ ఉందని టీసీ ఇవ్వలేదు. ఇక్కడి సర్కారు బడి హెడ్మాస్టర్ మేడమ్ మాత్రం "టీసీ లేటైందని పిల్లను ఆపకూడదమ్మా, 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది" అని ఆ రోజే నాలుగో తరగతిలో కూర్చోబెట్టారు.

అమ్మానాన్న లేక బంధువుల దగ్గర పెరిగే పిల్లలకు మిషన్ వాత్సల్య అనే సర్కారు పథకం కింద ఒక్కొక్కరికి నెలకు 4,000 వస్తాయని ఆమే చెప్పారు. పట్నంలో అయితే ఇంటి ఆదాయం ఏడాదికి 96,000 దాటకూడదు. అక్కడి నుంచి మొదలైంది తిరుగుడు. ఒక ఆఫీసులో ఆదాయం సర్టిఫికెట్ తెమ్మన్నారు. దానికి మీసేవకు పోతే ఆధార్‌లో అడ్రస్ పాతది. అది మార్చుకుని వస్తే మరిది డెత్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక అక్షరం తేడా ఉంది, ఊరికి పోయి సరిచేయించుకు రమ్మన్నారు. పోయిన ప్రతి రోజూ ఒక పూట పని పోయేది. మూడు నెలలు ఇట్లాగే గడిచాయి.

ఒకరోజు అంగన్‌వాడీలో టీచర్, తిండి సరిపోక బక్కచిక్కాడేమో తెలుసుకోడానికి బాబు జబ్బకు రంగుల టేపు చుట్టి చూశారు. పసుపు దగ్గర ఆగింది. 11.5 సెంటీమీటర్ల కంటే తగ్గితే ఎరుపు, 12.5 దాకా పసుపు అట. "ఏమక్కా, తింటలేడా?" అని అడిగారు. అంతే, నాకు ఏడుపు ఆగలేదు. నన్ను అక్కడే కూర్చోబెట్టి ఫోన్ తీశారు. బస్తీ దవాఖానాలో నర్సుకు, వాళ్ల సూపర్‌వైజర్‌కు వరసగా చేశారు. సూపర్‌వైజర్ జిల్లా బాలల పరిరక్షణ యూనిట్‌లో మాట్లాడారు. నేను మూడు నెలలు కాళ్లరిగేలా తిరిగిన పని వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే ఒక్క మధ్యాహ్నంలో దారిన పడింది. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు.

మరుసటి వారం యూనిట్ నుంచి సోషల్ వర్కర్, ఆశా కార్యకర్త, సూపర్‌వైజర్ ఒకేరోజు మా ఇంటికి వచ్చారు. అడిగిందే మళ్లీ మళ్లీ అడగకుండా ఒక్కసారే అన్నీ రాసుకున్నారు. ఆదాయం సర్టిఫికెట్ ఎక్కడ ఆగిందో కూడా వాళ్లే కనుక్కున్నారు.

తర్వాత బాలల సంక్షేమ కమిటీ ముందుకు పోవాలి. వాళ్లకు మేజిస్ట్రేట్‌కు ఉన్నంత అధికారం ఉంటుందని విని రాత్రంతా టెన్షన్. పిల్లలను నా దగ్గర నుంచి తీసుకుపోతారేమోనని భయం. నన్ను బయట ఉండమని పాపతో విడిగా మాట్లాడారు. తలుపు అవతల నిలబడి నేను చీర కొంగు ఎంత నలిపానో నాకే తెలియదు. బయటికి వచ్చాక అడిగితే, "ఎక్కడ పడుకుంటావు అన్నారు పెద్దమ్మా, నీ పక్కన అని చెప్పిన" అంది.

మంజూరు కమిటీ, బ్యాంకు ఖాతా, అవన్నీ అయ్యేసరికి ఇంకో ఐదు నెలలు పట్టింది. డబ్బులు పడుతున్నాయి. బాబు చేతి టేపు ఇప్పుడు ఆకుపచ్చలోకి వచ్చింది.

ఎవరికైనా ఇట్లాంటి అవసరం పడితే ముందు మీ అంగన్‌వాడీ టీచర్‌ను కలవండి, లేదంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. నాలాగా ఒక్కరే తిరగకండి. కాగితాలు నాలుగేసి సెట్లు జిరాక్స్ తీసి పెట్టుకోండి.

వచ్చే జూన్‌లో బాబును బడిలో వేయాలి. పోయిన వారం ఆ మాట చెబుదామని అంగన్‌వాడీకి పోతే, టీచర్ అప్పటికే హెడ్మాస్టర్ మేడమ్‌కు వాడి పేరు చెప్పి పెట్టారు.