11 స్టేట్లూ నోటికొచ్చు, ప్రాక్టికల్‌లో మాత్రం బోల్తా

నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్ పరీక్ష రాయబోతున్న వాళ్లకి నా రెండు ప్రయత్నాల సంగతి చెబుతాను. మొదటిసారి దెబ్బతిన్నది థియరీలో కాదు. టీసీపీ కనెక్షన్ మొదలై ముగిసేదాకా దాటే 11 స్టేట్ల డయాగ్రమ్ కళ్లు మూసుకుని గీసేవాణ్ణి. ప్రాక్టికల్‌లో ఒక థ్రెడెడ్ సర్వర్ (ఒక్కో క్లయింట్‌కీ ఒక్కో థ్రెడ్ పెట్టేది) ఇచ్చి, "కాసేపు నడిచాక టూ మెనీ ఓపెన్ ఫైల్స్ అంటూ ఆగిపోతోంది, ఎందుకో కనిపెట్టండి" అన్నారు. స్క్రీన్ నిండా క్లోజ్‌వెయిట్ అనే స్టేట్‌లో ఉన్న కనెక్షన్లు. టెన్షన్‌లో వాటిని టైమ్‌వెయిట్ అనే ఇంకో స్టేట్‌గా చదివేసుకుని కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) సెట్టింగులు కెలుకుతూ కూర్చున్నాను. ఓపెన్ ఫైళ్ల పరిమితి 1024 ఉంటే దాన్నీ పెంచాను. సర్వర్ చావడం కాస్త ఆలస్యమైంది, అంతే.

ఫెయిలయ్యాక నేను మార్చుకున్నది ఒక్కటే. స్టేట్ పేరు కనబడగానే "ఇక్కడ క్లోజ్ బాకీ ఎవరిది?" అని అడగడం. టైమ్‌వెయిట్ ముందుగా క్లోజ్ చేసిన వైపు మిగులుతుంది. లైనక్స్‌లో 60 సెకన్లు ఉండి తనే పోతుంది. పైగా అప్పటికే క్లోజ్ అయిపోయింది కాబట్టి మన ప్రాసెస్‌లో డిస్క్రిప్టర్‌ని (తెరిచిన ప్రతి ఫైలుకీ, సాకెట్‌కీ ఇచ్చే నంబరు) పట్టుకుని ఉండదు. అంటే ఆ ఎర్రర్‌కి అది కారణం కానే కాదు, ఈ ఒక్క ముక్క తెలిస్తే నాకు ఆ రోజు గంట మిగిలేది. క్లోజ్‌వెయిట్ అలా కాదు. అవతలివాడు ఫిన్ (ఇక పంపేది లేదనే సందేశం) పంపేశాడు, మన కెర్నల్ ఆక్ (అందిందనే జవాబు) ఇచ్చేసింది, మన ప్రోగ్రామ్ మాత్రం క్లోజ్ పిలవలేదు. దానికి గడువు లేదు. ప్రాసెస్ బతికున్నంత కాలం అలాగే పడి ఉంటుంది.

ఆ తర్వాత నోట్సు పక్కన పెట్టి, చిన్న సర్వర్ రాసుకుని దాన్ని కావాలనే పాడుచేయడం మొదలుపెట్టాను. డేటా చదివే రీడ్ సున్నా ఇస్తే అవతలివాడు ముగించాడని అర్థం. నేను లూప్ షరతులో "సున్నా కంటే ఎక్కువ" బదులు "సున్నా లేదా ఎక్కువ" అని రాశాను. క్లయింట్‌ని ఆపగానే క్లోజ్‌వెయిట్ వచ్చింది, ఒక కోర్ మీద సీపీయూ 100 శాతానికి ఎక్కింది. ఇంకోసారి, ఎర్రర్ వచ్చిన దారిలో క్లోజ్ లేకుండానే రిటర్న్ పెట్టాను. అదే క్లోజ్‌వెయిట్, కానీ సీపీయూ చల్లగా ఉంది. కాబట్టి సాకెట్ల స్టేట్లు చూపే ఎస్ఎస్ కమాండ్‌తో పాటు సీపీయూ వాడకం చూపే టాప్ కూడా చూడండి. సీపీయూ మండుతుంటే రీడ్ లూప్‌ని, ఖాళీగా ఉంటే మర్చిపోయిన క్లోజ్‌నో, లాక్ కోసం ఆగిపోయిన థ్రెడ్‌నో అనుమానించండి.

నన్ను రెండు రోజులు ఏడిపించింది మాత్రం ఇది. కొత్త కనెక్షన్‌ని అందుకునే యాక్సెప్ట్ ఇచ్చిన డిస్క్రిప్టర్ నంబర్ని ఒక వేరియబుల్‌లో పెట్టి, దాని అడ్రస్‌ని కొత్త థ్రెడ్‌కి ఇచ్చాను. ఒక్కొక్క క్లయింట్‌తో టెస్ట్ చేస్తే బంగారంలా పనిచేసింది. ఇద్దరు ఒకేసారి వస్తే చూడాలి తమాషా. మొదటివాడికి 4 వచ్చింది. వాడి థ్రెడ్ ఆ వేరియబుల్ చదివేలోపే మెయిన్ థ్రెడ్ మళ్లీ యాక్సెప్ట్ చేసి అందులో 5 రాసేసింది. ఇప్పుడు రెండు థ్రెడ్‌లూ 5నే చదివాయి. 4కి దిక్కు లేదు. ఆ క్లయింట్ చూసి చూసి వెళ్లిపోతే అది శాశ్వత క్లోజ్‌వెయిట్. 5ని మాత్రం రెండుసార్లు క్లోజ్ చేస్తారు. ఆ రెండింటి మధ్యలో కొత్త కనెక్షన్ వస్తే, ఖాళీగా ఉన్న అతి చిన్న నంబరే ఇస్తారు కాబట్టి, 5 దానికే దక్కొచ్చు. రెండో క్లోజ్ ఏ పాపం ఎరగని ఆ కనెక్షన్ని తెంపేస్తుంది. ఒకచోట తెరిచి ఉండిపోవడం, ఇంకోచోట అకారణంగా తెగిపోవడం, రెండూ ఒకే తప్పు వల్ల! మందు చిన్నదే: ప్రతి కనెక్షన్‌కీ ఆ నంబరు వేరే కాపీగా ఇవ్వడం.

ప్రతి క్లయింట్‌కీ కొత్త ప్రాసెస్ పుట్టించే ఫోర్క్ సర్వర్ చదివినవాళ్లు ఇక్కడ ఇంకో గోతిలో పడతారు. అక్కడ పేరెంట్ తన కాపీని క్లోజ్ చేయాలి, లేకపోతే కనెక్షన్ వదలదు. థ్రెడ్‌లకి డిస్క్రిప్టర్ పట్టిక ఉమ్మడి. అదే అలవాటుతో మెయిన్ థ్రెడ్‌లో క్లోజ్ రాస్తే పనిచేస్తున్న థ్రెడ్ చేతిలోంచి సాకెట్ లాగేసినట్టే. రీడ్‌లో ఆగి ఉన్న థ్రెడ్‌ని లేపాలంటే లైనక్స్‌లో క్లోజ్ చాలదు, ఆ సాకెట్ మీద షట్‌డౌన్ పిలవాలి. వైవాలో ఇది నన్ను అడిగారు.

కీప్‌అలైవ్ (అవతలివాడు ఇంకా ఉన్నాడో లేడో టీసీపీ తట్టి చూసే ఆప్షన్) లైనక్స్ డిఫాల్ట్ అంకెలు కూడా గుర్తుంచుకోండి, లెక్క అడుగుతారు: 7200 సెకన్ల మౌనం, తర్వాత 75 సెకన్లకొకటి చొప్పున 9 ప్రోబ్‌లు. కరెంటు పోయి మాయమైన క్లయింట్‌ని గుర్తించడానికి రెండు గంటల పైమాటే, అదీ ఆ ఆప్షన్ ఆన్ చేస్తేనే.

రెండోసారి ప్రాక్టికల్‌లో ప్రోగ్రామ్ వేరు, రోగం దాదాపు అదే. ఈసారి ముందు కోడ్ తెరవలేదు. ప్రాక్ కింద ఆ ప్రాసెస్ తెరిచిన డిస్క్రిప్టర్లన్నీ కనబడే ఎఫ్‌డీ ఫోల్డర్ లెక్క చూశాను, 50 క్లయింట్లని ఒకేసారి వదిలి ఆపాను, మళ్లీ లెక్క చూశాను. 6 సాకెట్లు మిగిలాయి, అన్నీ క్లోజ్‌వెయిట్. సీపీయూ ఖాళీ. అప్పుడు థ్రెడ్ సృష్టించే లైన్‌కి వెళ్లాను. సరిచేశాక 50 మందితో మూడుసార్లు నడిపితే చివరికి ఆ ఫోల్డర్‌లో ఉన్నవి మామూలుగా ప్రతి ప్రాసెస్‌కీ ఉండే 0, 1, 2, లిజనింగ్ సాకెట్ 3.