హక్కుల లాయరును మన కోర్టులోనే వెతకాలి

ఇంట్లో మనిషిని పోలీసులు తీసుకెళ్లి, కేసేమిటో చెప్పకుండా స్టేషన్‌లో కూర్చోబెట్టినప్పుడు, తెలిసినవాళ్లు నాకు ఫోన్ చేసి హైదరాబాదులో పెద్ద మానవ హక్కుల లాయరెవరని అడుగుతుంటారు. పౌరహక్కుల కేసులు వాదించిన కన్నబిరాన్, బాలగోపాల్ పోయి పదిహేనేళ్లు దాటినా, హక్కుల లాయరంటే అంతటివాళ్లే కావాలన్న భావన మనలో పోలేదు. నేను మాత్రం ముందు, మీ స్టేషన్ ఏ మేజిస్ట్రేటు కోర్టు పరిధిలోకి వస్తుందో, అక్కడ రోజూ క్రిమినల్ కేసులు వాదించేదెవరో కనుక్కోమంటాను.

ఎందుకంటే, రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం అరెస్టయిన వ్యక్తిని, ప్రయాణ సమయం మినహాయించి, 24 గంటల్లోగా దగ్గరలోని మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఒంటి మీద దెబ్బలుంటే ఆ రిమాండు సమయంలోనే మేజిస్ట్రేటుకు చూపించి నమోదు చేయించాలి కాబట్టి, అక్కడ మన పక్షాన వకీలు నిలబడి ఉండటం ముఖ్యం. అసలు అరెస్టే చూపకుండా నిర్బంధిస్తే హైకోర్టులో హెబియస్ కార్పస్ (నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మని కోరే పిటిషన్) వేయవచ్చు గాని, అంతకన్నా దగ్గరి దారి కూడా ఉంది: పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 100 కింద, ఆ మనిషిని వెతికించే వారెంటు ఇవ్వాలని స్థానిక ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటునే కోరవచ్చు.

అటువంటి వకీలు బోర్డులు చూస్తే దొరకరు. న్యాయవాదులు ప్రచారం చేసుకోకూడదనీ, ఫలానా రకం కేసుల్లో నిపుణులమని బోర్డు మీద రాసుకోకూడదనీ బార్ కౌన్సిల్ నియమం ఉంది. (కారు అద్దం మీద ‘మానవ హక్కులు’ అని పెద్దక్షరాలతో స్టిక్కరు అంటించుకుని సెటిల్‌మెంట్లు చేసేవారు వేరే జాతి; వారికి దూరంగా ఉండటమే క్షేమం.) కోర్టు ఆవరణలో పిటిషన్లు టైపు చేసేవారినీ, ప్లీడరు గుమాస్తాలనూ అడిగితే, అట్రాసిటీ (ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల) కేసుల్లో బాధితుల వైపు ఎవరు నిలబడతారో, ఎవరు మధ్యలో రాజీకి తెస్తారో చెప్పేస్తారు. పౌరహక్కుల సంఘం, మానవ హక్కుల వేదికల జిల్లా బాధ్యులకు కూడా ఇటువంటి వకీళ్లు తెలిసి ఉంటారు.

డబ్బు లేదని ఆగిపోనక్కరలేదు. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, కస్టడీలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను నేరుగా గాని, 15100 నంబరులో గాని సంప్రదించవచ్చు.

వకీలు దగ్గరకు వెళ్లేముందు, ఎవరు వచ్చారు, ఎన్ని గంటలకు, ఏ బండిలో, మఫ్టీలోనా యూనిఫారంలోనా, చూసినవాళ్లెవరు అన్నవి ఒక కాగితం మీద వరుసగా రాసుకోవాలి. స్టేషన్‌లోని సీసీ కెమెరా రికార్డును భద్రపరచమని వెంటనే లిఖితపూర్వకంగా కోరాలని వకీలుకు గుర్తుచేయాలి. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేయాలంటే ఘటన జరిగిన ఏడాదిలోపే చేయాలన్నది కూడా మరవకూడదు.

ఇందులో ఒక చిక్కుంది. చిన్న ఊరి వకీలుకు ఆ ఎస్సైతో రోజూ పని పడుతుంది గనుక, ఆయన మీదే పిటిషన్ వేయడానికి మొహమాటపడవచ్చు. అందుకే ఫీజు మాట్లాడేటప్పుడే, వకాల్తా మీద సంతకం పెట్టకముందే, ‘పోలీసులను ప్రతివాదులుగా చేర్చి వాదిస్తారా?’ అని సూటిగా అడిగేయాలి. ఆయన తటపటాయిస్తే పక్క ఊరి బార్ నుంచి వకీలును తెచ్చుకోవచ్చు. మన కోర్టులో వాదించకుండా ఆ పక్క ఊరి వకీలును ఏ చట్టమూ అడ్డుకోదు.