నెక్లెస్ రోడ్డులో నా మొదటి రేసు

ఈ ఆదివారం నెక్లెస్ రోడ్డులో ఐదు కిలోమీటర్ల రేసు పూర్తి చేశాను. చివరి గుంపులోనే వచ్చాను. ఆ సంతోషం ఇంకా తగ్గలేదు.

రెండో అంతస్తు మెట్లెక్కితే ఆయాసపడే ఒళ్లు నాది. కేబీఆర్ పార్కు బయటి బాటలో ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో మొదలుపెట్టాను. అమెరికా ఒలింపియన్ జెఫ్ గాలోవే 1970ల నుంచి కొత్తవాళ్లకు నేర్పిన పద్ధతి ఇదే: అలసట రాకముందే కాసేపు నడవాలి. పరుగెడుతూ మాట్లాడగలిగితే ఆ వేగం చాలు. గుండె, ఊపిరితిత్తులు త్వరగానే అలవాటు పడతాయి కానీ ఎముకలకు, కీళ్లకు చాలా సమయం పడుతుంది. దమ్ము సరిపోతోంది కదా అని దూరం పెంచేస్తే మోకాలి కింద ముందువైపు ఎముక దగ్గర నొప్పి పట్టుకుంటుంది. కొత్తవాళ్లెవరు కనిపించినా ఈ ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను.

రేసులో సంజీవయ్య పార్కు దగ్గరికొచ్చేసరికి కాళ్లు బరువెక్కాయి. చెమటకి తడిసిన బిబ్, అంటే చొక్కాకి పిన్నులతో పెట్టుకునే రేసు నంబరు కాగితం, ఒక పిన్ను ఊడి పొట్ట మీద టపటపా కొట్టుకుంటోంది. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, స్పోర్ట్స్ షూస్ వేసుకున్న ఒక పెద్దావిడ పక్కకొచ్చి, "ఆగకమ్మా, మెల్లగా నాతో రా" అన్నారు. ఆవిడ అడుగులో అడుగు వేస్తూ వెళ్లిపోయాను. పేరైనా అడగలేదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో పది కిలోమీటర్లకు పేరిస్తాను. మన ఫ్లైఓవర్ల ఎత్తుపల్లాలకి ఇప్పటినుంచే అలవాటు పడాలి. కొత్తగా మొదలుపెట్టాలనుకునేవాళ్లు ఉంటే మెసేజ్ చేయండి, కలిసి వెళ్దాం.